కోకర్‌లో ఆ తల్లి

"ఆ తల్లిని చూస్తే ఒళ్లు మండిపోయిందమ్మా! పిల్లాడు అన్నిసార్లు చెబుతుంటే వినిపించుకోదేం?" అంది మా అమ్మాయి. నాకు మాత్రం ఆవిడ బట్టలుతికే చేతులే ఇంకా కళ్లముందు ఆడుతున్నాయి.

అబ్బాస్ కియరోస్తమీ 1987లో తీసిన 'మిత్రుడి ఇల్లెక్కడ?' అనే ఇరాన్ సినిమా సంగతి చెబుతున్నాను. ఉత్తరాన గీలాన్ ప్రాంతంలో కోకర్ అని చిన్న పల్లె. కథ పిడికెడంత. మళ్లీ విడికాగితం మీద హోంవర్కు రాసుకొస్తే బళ్లోంచి పంపేస్తానని మేష్టారు ఒక కుర్రాణ్ణి బెదిరిస్తాడు. ఆ రోజే, పక్కన కూచునే అహ్మద్ వాడి నోటుబుక్కు పొరపాటున ఇంటికి తెచ్చేస్తాడు. ఇచ్చి రావాలి. వాడిది కొండ అవతల పోష్తే అనే ఊరు, ఇల్లెక్కడో తెలీదు. అంతే!

కొండమీది వంకరటింకర దారి గురించీ, పైనున్న ఒంటరి చెట్టు గురించీ విమర్శకులు పేజీలు నింపారు. బాగానే ఉంది. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ ఇంటి వాకిలి. ఒకపక్క బట్టలు, ఒకపక్క చంటిపిల్ల, మధ్యలో నోటుబుక్కు అంటూ కొడుకు. ఆటకి పోవడానికి వంక పెడుతున్నాడనుకుంటుంది. ముందు హోంవర్కు రాయమంటుంది, వెంటనే ఏదో పని చెబుతుంది, ఆపైన రొట్టె తెమ్మంటుంది. ఆ రెంటికీ పొత్తెక్కడ కుదురుతుందో ఆవిడకే తెలియాలి! నవ్వొస్తుంది, వెంటనే గుండెల్లో కలుక్కుమంటుంది.

ఆవిడకి పనైనా అడ్డం. తాతగారికి అదీ లేదే! జేబులో సిగరెట్లుండగానే మనవణ్ణి సిగరెట్లకి పంపుతాడు, చెప్పిన మాట వినడం నేర్పాలట. చిన్నప్పుడు వాళ్ల నాన్న వారానికో చిల్లర నాణెం, పక్షానికోసారి దెబ్బలు ఇచ్చేవాడట. నాణెం మరిచిపోయినా దెబ్బలు మాత్రం మరిచేవాడు కాదని గర్వంగా చెప్పుకుంటాడు. ఇలాంటి తాతగార్లు మనకేం కొత్త? ఇక తండ్రిగారు రాత్రి రేడియో మీట తిప్పుకుంటూ కూచుంటాడు.

నా అభ్యంతరమల్లా ఒక్కటే. తాతకి తన సంగతి చెప్పుకునే అవకాశం ఇచ్చిన దర్శకుడు, తలుపులు చేసే ముసలాయనతో అంత దూరం నడిపించిన దర్శకుడు, తల్లికి ఒక్క నిమిషం ఇవ్వలేదేం? అలా గొణుక్కుంటుండగా ఆ రాత్రి సీను వచ్చింది. గాలికి తలుపు భళ్లున తెరుచుకుంటుంది. బయట చీకట్లో ఎగిరిపోతున్న బట్టలు తీస్తూ ఆవిడ. రాసుకుంటున్న కొడుకు తలెత్తి చూస్తాడు. అంతే, మాటల్లేవు. నా అభ్యంతరం సగం అక్కడే కరిగిపోయింది.

1990 జూన్‌లో భూకంపం వచ్చి ఆ చుట్టుపక్కల వేలమంది పోయారు. కోకర్ కూలింది. ఆ సినిమాలో నటించిన పిల్లలిద్దర్నీ వెతుక్కుంటూ ఒక దర్శకుడు వెళ్లడమే కియరోస్తమీ 1992లో తీసిన సినిమా కథ. నిజంగానూ ఆ పిల్లలు బతికే ఉన్నారు.

ఈ మాటలన్నీ మా అమ్మాయికి చెబుదామని లేచాను. అదేమో, "పొద్దున నేనింకా ఏదో చెబుతుంటే ఊఁ కొట్టి వంటింట్లోకి వెళ్లిపోయావుగా!" అంది. ఏం చెప్పిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.