విరిచి చూడని సిద్ధాంత గ్రంథాలు

మాది ఆర్మూర్ దగ్గర పసుపు పండించే ఊరు. పసుపు ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టించి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తీసుకెళ్తే, కొనేవాళ్లు కుప్పలోంచి ఓ కొమ్ము తీసి విరుస్తారు. లోపలి రంగు చూశాకే ధర మాట. చిన్నప్పుడు అది నాకు అవమానంలా అనిపించేది. "ఇరిచి చూడకుంట ఎవడు కొంటడు బిడ్డా?" అనేవాడు మా బాపు.

పోయినేడాది తెలంగాణ కథల్లో వ్యవసాయం గురించి ఓ వ్యాసం మొదలుపెట్టి, శోధ్‌గంగలో దిగినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. తెలియనివాళ్లకు రెండు ముక్కలు: శోధ్‌గంగ అంటే మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల డిజిటల్ భాండాగారం. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడుపుతోంది. పీహెచ్‌డీ గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతి తప్పనిసరిగా ఇవ్వాలని యూజీసీ 2009 నిబంధనల్లో పెట్టింది. ఇప్పుడక్కడ 5 లక్షలకు పైగా గ్రంథాలున్నాయి. చదవడానికి రుసుము లేదు, ఎవరి సిఫారసు ఉత్తరమూ అక్కర్లేదు.

ఇంజినీరింగ్ చదివి, కోడ్ రాసుకుని బతికే నాలాంటివాడికి ఇది చిన్న విషయం కాదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, దాదాపు 13,000 పత్రికలు. మంచిదే. కానీ అది ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లో ఉన్నవాళ్లకు. ఆ గుర్తింపు కార్డు నాకు లేదు, మా బాపుకూ లేదు. ఓసారి పసుపులో దుంపకుళ్లు గురించి వెతికితే నాకు ఎదురైంది డాలర్లలో ధర రాసిన గోడ. మా మడిలో తెగులు గురించిన పరిశోధన మేమే చదవలేం. ఇలాంటి బయటివాళ్లకు దారి విశ్వవిద్యాలయ భాండాగారాలే.

సరే, తలుపు తెరిచి ఉంది. లోపల ఏముంది?

నేను చదివిన తెలుగు గ్రంథాలు చాలామటుకు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. కృతజ్ఞతలు, 'కథ పుట్టుక-పరిణామం', 'రచయిత జీవితం-రచనలు', ఆ తర్వాత కథల సారాంశాలు. కథలో కౌలురైతు ఉంటే 'రైతు సమస్యల చిత్రణ', అత్తాకోడళ్లుంటే 'కుటుంబ జీవిత చిత్రణ'. ఆ చిత్రణ ఎలా జరిగిందో, ఎక్కడ తేలిపోయిందో అడిగే వాక్యం కోసం వందల పేజీలు తిప్పాలి. పరీక్షకులు తప్ప ఎవరూ చదవరని తెలిసి రాసిన వచనం అలాగే ఉంటుందేమో.

అయితే ఒక గ్రంథం చివర, అనుబంధంలో, రచయితలతో చేసిన ముఖాముఖీలు కనిపించాయి. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. ఎవరి పొలం చూసి ఏ కథ రాశారో వాళ్ల మాటల్లోనే ఉంది. ఆ కథల మీద వెబ్ పత్రికల్లో మేం ఎన్ని వ్యాసాలు రాశామో! ఒక్కరం కూడా ఆ పరిశోధకురాలి పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఎందుకు దొరకలేదో ఇంజినీరుగా నాకు తెలుసు. చాలా గ్రంథాలు డీటీపీ సెంటర్లలో పాత ఫాంట్లతో కొట్టించినవి. తెర మీద తెలుగే కనిపిస్తుంది, ఫైలు లోపల మాత్రం రోమన్ అక్షరాలూ గుర్తులూ ఉంటాయి. 'కౌలు' అని వెతికితే సున్నా. స్కాన్ చేసినవైతే ఉత్త బొమ్మలు. అందుబాటులో ఉన్నాయి, కానీ ఆనవాలు లేదు.

ఆనవాలు ఎంత ముఖ్యమో పసుపే చెబుతుంది. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి, పసుపుతో గాయాలు మాన్పడం మీద పేటెంటు ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ సవాలు చేసింది. 1997లో అది రద్దయింది. మన అమ్మమ్మలందరికీ తెలుసు కదా అంటే అప్పట్లో అక్కడ చెల్లేది కాదు. రాతలో ఉన్న ఆధారం కావాల్సి వచ్చింది. సీఎస్ఐఆర్ చూపించినవాటిలో 1953లో ఓ భారతీయ వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం ఒకటి. నలభై ఏళ్లు ఎవరికీ పట్టని కాగితం, వెతికినవాళ్ల చేతికి దొరికింది కాబట్టి పనికొచ్చింది.

అన్నీ బయటపెడితే కాపీ కొడతారని భయపడే ఆచార్యులున్నారు. అది ఉత్త భయమేమీ కాదు. కానీ కాపీకి అసలు రక్షణ తాళం వేసిన బీరువా. రెండు గ్రంథాలూ పక్కపక్కన తెరిచి చూసేవాడు లేనంతకాలం దొంగ దొరకడు.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ప్రతి కూడా అడగాలి. శీర్షిక, సారాంశం తెలుగు లిపిలో పెట్టించాలి. మిగతా సగం మన పని: చదవాలి, బాగుంటే పేరు పెట్టి చెప్పాలి, బాగోలేకపోతే ఎందుకో రాయాలి. పుస్తకాలకు చేసే మర్యాద సిద్ధాంత గ్రంథాలకూ చేయాలి.

నా వ్యాసం ఇంకా పూర్తికాలేదు. ఆ ముఖాముఖీలు చదివాక మొదటి సగం కొట్టేసి మళ్లీ రాస్తున్నాను. ఈసారి మొదటి పేరాలోనే ఆ పరిశోధకురాలి పేరుంటుంది.