తాళమును పరీక్షించుట నేరమా?

తాళము గట్టిదో కాదో తెలియవలెనన్న దానిని విప్పుటకు ప్రయత్నించి చూడవలసినదే. సంకేతలిపి శాస్త్రమంతయు ఇట్లే పెరిగినది. ఒకరు తాళము చేయుదురు. వేరొకరు దానిని విప్పి లోపమును ప్రకటింతురు. పిమ్మట మరింత గట్టి తాళము పుట్టును. 1998లో అమెరికా చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టము ఈ మూడు మెట్లలో నడిమిదానికే అడ్డు తగిలినది.

దొంగప్రతులు అమ్ముకొనువారిని అరికట్టవలసినదే. అందు వివాదము లేదు. కాని ఈ చట్టము 1201వ సెక్షను, దొంగప్రతి తీసినను తీయకున్నను, తాళము విప్పుటనే నిషేధించినది. విప్పు సాధనమును ఇతరులకు అందించుటను సైతము నిషేధించినది.

ఫలితము త్వరలోనే కనబడెను. 2000లో సంగీత వ్యాపార సంస్థల కూటమి యొకటి, పాటలలో తాము దాచిన గుర్తులను చెరపగలవారు రండని పందెము వేసెను. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్వర్డ్ ఫెల్టెన్, ఆయన సహచరులు పూనుకొనిరి. గుర్తులలో ఒకటి ఎట్టిదో చూడుడు: పాటలో అతి స్వల్పమైన ప్రతిధ్వనిని కలిపిరి. నూతిలో కేకవేసిన తిరిగివచ్చు శబ్దము వంటిదే గాని, వెన్వెంటనే వచ్చుటచే చెవి దానిని పట్టుకొనలేదు, యంత్రము పట్టుకొనును. పరిశోధకులు దీనిని గణితముతో కనిపెట్టిరి. బహుమతి 10,000 డాలర్లు. కాని కనుగొన్నది రహస్యముగా నుంచెదమని సంతకము చేయవలెను. వారు బహుమతినే వదలుకొని వ్యాసము వ్రాసిరి. 2001 ఏప్రిల్‌లో పిట్స్‌బర్గ్ సదస్సున దానిని చదువనుండగా, ఈ చట్టమును పేర్కొనుచు రికార్డింగు పరిశ్రమ సంఘమునుండి ఉత్తరము వచ్చెను. వ్యాసము ఆగిపోయెను. దావా వేయుట మా ఉద్దేశ్యము కాదని సంఘము తరువాత చెప్పినది. కావచ్చును, ఉత్తరము తన పని అప్పటికే ముగించినది. వారు కోర్టుకెక్కిన పిమ్మట, ఆగస్టులో వేరొక సదస్సున ఆ వ్యాసము వెలుగు చూచెను.

ఆ జూలైలోనే రష్యా ప్రోగ్రామరు దిమిత్రి స్క్లయరోవ్ లాస్ వేగాస్‌లో ప్రసంగించి మరలిపోవుచుండగా నిర్బంధింపబడెను. అడోబీ ఈ-పుస్తకముల తాళమును విప్పు ప్రోగ్రామును వ్రాసెనని అభియోగము. సుమారు మూడు వారములు చెరలో నుండెను. 2002 డిసెంబరులో జూరీ ఆయన సంస్థను నిర్దోషిగా తేల్చెను.

పరిశోధకులకు మినహాయింపు ఉన్నది గదా యని కొందరందురు. ఉన్నది, కాని ముందుగా తాళము స్వంతదారుని అనుమతికి ప్రయత్నింపవలెను. దుకాణదారుని అనుమతి వేడి తక్కెడను పరీక్షించు తూనికల ఇన్‌స్పెక్టరు తనిఖీ ఏపాటిది?

మన 1957 నాటి కాపీరైట్ చట్టమునకు 2012లో చేర్చిన 65ఎ సెక్షను ఇంతకంటె మెరుగు. హక్కును భంగపరచు ఉద్దేశ్యముతో విప్పిననే నేరము. న్యాయముగా సంపాదించిన ప్రతితో సంకేతలిపి పరిశోధన చేయువాడు ఎవరి అనుమతియు అడుగ నక్కరలేదు. అయినను ఒక చిక్కు మిగిలినది. సక్రమమైన పనికే యైనను, ఇతరునికి తాళము విప్పుటలో తోడ్పడినవాడు అతని పేరు, చిరునామా, ఉద్దేశ్యము వ్రాసి యుంచవలెను. అంధవిద్యార్థికి పుస్తకము చదివి వినిపించునట్లు కంప్యూటరును సరిచేసిన ఉపాధ్యాయుడును ఇట్టి పట్టిక నుంచవలసినదే. దానిని ఎవరు చూడవచ్చునో, ఎన్నాళ్లు దాచవలెనో ఆ సెక్షను చెప్పలేదు.