పెద్ద అల ఒక్కటే ప్రమాణమా? లంగరు వేసిన తేలియాడే కట్టడాల నమూనాలపై ఒక విమర్శ

1995 జనవరి 1న ఉత్తర సముద్రంలో నార్వేకు చెందిన డ్రాప్నర్ వేదిక వద్ద సుమారు 25.6 మీటర్ల ఎత్తైన అల నమోదైంది. ఆనాటి సముద్రస్థితిలో ప్రాముఖ్య తరంగోన్నతి, అంటే అత్యున్నతమైన మూడోవంతు అలల సగటు ఎత్తు, దాదాపు 12 మీటర్లు. నాటి నుండి అటువంటి అలను ప్రయోగశాల తొట్టెల్లోనూ గణనల్లోనూ పునఃసృష్టించి, దాని ఎదుట కట్టడపు నమూనాను నిలిపి, వచ్చిన గరిష్ఠ ప్రతిస్పందననే రూపకల్పనకు ప్రమాణంగా తీసుకోవడం పరిపాటి అయింది. డ్రాప్నర్ సముద్రతలంపై స్థిరంగా నిలిపిన కట్టడం కనుక అక్కడ ఈ పద్ధతికి అర్థముంది. తేలియాడే కట్టడానికి దానిని యథాతథంగా వర్తింపజేయడమే అభ్యంతరకరం.

తుఫాను అలల ఆవర్తనకాలం సాధారణంగా పది నుండి పదహారు సెకన్లు. లంగరు గొలుసులు పట్టి ఉంచిన కట్టడం క్షితిజ సమాంతరంగా ఊగే సహజ ఆవర్తనకాలం తరచుగా ఒకటి రెండు నిమిషాలు, లోతైన నీటిలో అంతకన్నా ఎక్కువ. ఈ మంద చలనాన్ని రేపేది ఏ ఒక్క అలా కాదు. పౌనఃపున్యాలలో స్వల్ప భేదం గల అలల కలయిక నుండి పుట్టే ద్వితీయస్థాయి బలం. రేఖీయ సిద్ధాంతంలో దానికి చోటు లేదు. పెద్ద అల వచ్చే క్షణానికి కట్టడం ఎంత దూరం కొట్టుకుపోయి ఉంది, ఏ గొలుసు అప్పటికే బిగిసి ఉంది అన్నవే తన్యతను నిర్ణయిస్తాయి. నిశ్చల జలంలో నిలిపిన నమూనాపై ఒక్క అలను కేంద్రీకరిస్తే ఈ గతమంతా చెరిగిపోతుంది. అతిపెద్ద అల అతిపెద్ద తన్యతను ఇవ్వాలన్న నియమమేమీ లేదు.

అంతకన్నా ఇబ్బందికరమైనది అవమందన గుణకం. మంద చలనపు విస్తృతి ప్రధానంగా దీనిపైనే ఆధారపడుతుంది. నిశ్చల జలంలో కొలిచిన విలువ తుఫానులో నిలవదు. అందుచేత గణన ఫలితం ప్రయోగంతో సరిపోలే దాకా గుణకాన్ని సవరిస్తారు. ఆపైన ఆ సరిపోలికనే నమూనా ధ్రువీకరణగా చూపుతారు. ఇది ధ్రువీకరణ కాదు, సర్దుబాటు మాత్రమే.

లంగరు సంగతి అటుంచినా, నమూనా అడగని ప్రశ్నకు మూల్యం ఉంటుంది. 2015 డిసెంబరు 30న నార్వే ట్రోల్ క్షేత్రంలో కాస్ల్ ఇన్నొవేటర్ అనే తేలియాడే డ్రిల్లింగ్ వేదికను నిటారైన అల ఢీకొంది. నివాస భాగపు కిటికీలు లోపలికి పగిలి ఒకరు మరణించారు. అలశిఖరానికీ డెక్కుకూ మధ్య తగినంత ఖాళీ ఉంటుందని లెక్కలు చెప్పినందున, ముందుగోడను అడ్డంగా తాకే అలబలానికి రూపొందించలేదు. అల అక్కడిదాకా చేరదని తేల్చిన నమూనా, చేరితే ఏమవుతుందో లెక్కించే అవసరాన్నే తొలగించింది.

మూడు గంటల యాదృచ్ఛిక సముద్రస్థితిని పలుమార్లు అనుకరించడం ఇంతకన్నా మెరుగైన మార్గమే. అయితే అది సముద్రం ఆ మూడు గంటలూ మారదని భావిస్తుంది. 2024 జనవరి నుండి కాకినాడకు ఆవల కేజీ బేసిన్‌లో తేలియాడే నౌక సాయంతో చమురు ఉత్పత్తి సాగుతున్నది. బంగాళాఖాతపు తుఫాను కేంద్రం దగ్గరగా దాటిపోయేటప్పుడు గాలి దిశ వేగంగా మారుతుంది. అంతకుముందు పుట్టిన ఉప్పెన అలలు మాత్రం పాత దిశ నుండే వస్తుంటాయి. గాలి ఒక వైపు, అల మరొక వైపు లాగే ఆ ఘడియలలో ఏ గొలుసుపై భారం పడుతుందో ఏకదిశా తరంగాల తొట్టె చూపలేదు.