ముందు కాలు నిలిచిన చోట

డిస్క్ గోల్ఫ్‌లో చెయ్యి అందుకునేసరికే విసురులో ముప్పాతిక వంతు పని అయిపోయి ఉంటుంది. కొత్తగా ఈ ఆటలోకి వచ్చినవాళ్లకి ఇది ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. పక్కన నిలబడి చూసేవాళ్ల కంటికి ఆనేది చెయ్యే మరి. ఈ ఆటలో మేటి అయిన పాల్ మెక్‌బెత్ టీ మీద నుంచి, అంటే హోల్ మొదలయ్యే చోటి నుంచి, బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా వెనక్కి చాపి విసిరే పద్ధతి) విసిరే వీడియో ఒకటి పెట్టుకుని, చెయ్యి సంగతి మరిచిపోయి, చూపంతా అతని నడుము కిందే నిలపండి. ఆ విసురు ఎక్కడ పుడుతోందో అప్పుడు తెలుస్తుంది.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. గోల్ఫ్ పద్ధతే, కాకపోతే బంతికి బదులు ప్లాస్టిక్ డిస్క్, గుంటకి బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. ఎంత తక్కువ విసుర్లలో డిస్క్ బుట్టలో పడితే అంత మంచిది. ఫ్రిస్బీకి ఇప్పుడున్న రూపం రావడానికి కారకుడైన ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేశాడు. గొలుసుల బుట్ట కూడా ఆయన ఆలోచనే. 1983లో అంచు కోసుగా చెక్కిన డిస్కులు వచ్చాక ఆట స్వరూపమే మారింది. అవి గాలిని చీల్చుకుంటూ ఫ్రిస్బీకి అందని దూరాలు పోతాయి. దూరం విసిరే డిస్క్ అడ్డంగా 21 సెంటీమీటర్ల పైచిలుకు, బరువు మహా ఉంటే 175 గ్రాములు. అంత తేలిక వస్తువుని వందల అడుగుల అవతలికి, అదీ చెట్ల మధ్య నుంచి పంపాలి. బలం ఒక్కటే చాలేదైతే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

మెక్‌బెత్ 1990లో కాలిఫోర్నియాలో పుట్టాడు. 2012 నుంచి 2015 దాకా వరసగా నాలుగుసార్లు, మళ్లీ 2019లో, 2022లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2018లో మిషిగన్‌లో జరిగిన గ్రేట్ లేక్స్ ఓపెన్‌లో ఒక రౌండుని పార్ (కోర్సుకి నిర్ణయించిన విసుర్ల లెక్క) కంటే 18 తక్కువలో ముగించాడు. పద్దెనిమిది హోల్స్‌లో పద్దెనిమిది విసుర్లు మిగల్చడమన్నమాట. అలాగని అందరికంటే దూరం విసిరేది అతనేం కాదు. 2016లో నెవాడా ఎడారిలో గాలివాటున 338 మీటర్లు పంపినవాడు డేవిడ్ విగిన్స్ జూనియర్. 2014లో గంటకి 144 కిలోమీటర్ల వేగంతో డిస్క్ వదిలినవాడు సైమన్ లిజోట్. వాళ్ల విసురు చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. కానీ నేర్చుకోదలిచినవాళ్లు పదే పదే చూడాల్సింది మెక్‌బెత్‌నే అంటాను. అతని విసురులో ప్రతి భాగం తన వంతు వచ్చేదాకా ఆగుతుంది.

అడుగుల దగ్గర మొదలుపెడదాం. కుడిచేతి వాటం ఆటగాడు లక్ష్యం వైపు కుడి భుజం పెట్టి పక్కవాటంగా నడుస్తాడు. కుడి అడుగు, దాని వెనక నుంచి అడ్డంగా దాటుతూ ఎడమ అడుగు, మళ్లీ కుడి అడుగు. ఎక్స్-స్టెప్ అనేది దీన్నే. కొత్తవాళ్లు ఇక్కడ పరుగు అందుకుంటారు. మెక్‌బెత్ నడుస్తాడు. అడుగులు చిన్నవి, తల ఎత్తు పెద్దగా మారదు. ఎడమ కాలు దిగేటప్పుడు బరువు ఆ పాదం లోపలి అంచు మీదే ఉండాలి. బయటి అంచు మీదికి జారిందా, ఒళ్లు వెనక్కి తూలుతుంది, దాన్ని తిరిగి ముందుకి తెచ్చుకోవడానికే సగం బలం పోతుంది. ఈ దశలో డిస్క్ పట్టుకున్న చెయ్యి ఇంకా వెనక్కి చాపుకుంటూనే ఉంటుంది, తుంటి మాత్రం అప్పటికే ముందుకి కదిలిపోయి ఉంటుంది. చెయ్యి అటు, తుంటి ఇటు. ఈ లాగుడులో నడుము నుంచి భుజం దాకా వీపు కండలన్నీ సాగుతాయి. కావలసిన బిగువంతా అక్కడ పోగవుతుంది.

ఇక నన్ను కట్టిపడేసే భాగం, కుడి కాలు దిగడం. చెయ్యి పూర్తిగా వెనక్కి సాగే వేళకి కుడి పాదం నేలని అందుకుంటుంది. ముందు మునివేళ్ల దగ్గర, బయటి అంచు. తర్వాత మడమ. మడమ దిగీ దిగగానే ఒంటి బరువంతా ఆ తుంటి మీదికి వచ్చి చేరుతుంది. కాస్త వంగి ఉన్న మోకాలు నేలని తన్నినట్టు నిటారవుతుంది. అంతదాకా ముందుకి సాగివస్తున్న ఒళ్లు ఆ కాలి దగ్గర ఆగిపోతుంది. ఆ ఊపు ముందుకి పోవడానికి దారి లేక తిరుగుడుగా మారుతుంది. నడుము తిరుగుతుంది, దాని వెనక భుజం, దాని వెనక మోచెయ్యి, చివరికి మణికట్టు. చర్నాకోల ఝళిపించేటప్పుడు పిడి దగ్గర చెయ్యి ఆగితేనే కదా కొస ఛెళ్లుమనేది, ఇదీ అంతే. నీరజ్ చోప్రా ఈటె వదిలే ముందు ఎడమ కాలిని బిగించి నిలిపేదీ, ఫాస్ట్ బౌలర్ ముందు మోకాలు వంగనివ్వకుండా బంతి వదిలేదీ ఇందుకే. ఆటలు వేరైనా కిటుకు ఒకటే.

అప్పుడు గాని చెయ్యికి పని రాదు. మోచెయ్యి ముందుండి దారి తీస్తుంది, డిస్క్ కుడి రొమ్ముకి దగ్గరగా తిన్నగా వస్తుంది, ఆఖరి క్షణంలో మణికట్టు తెరుచుకుంటుంది. వదిలేదాకా పట్టు గట్టిగా ఉండాలి, భుజం మాత్రం బిగుసుకోకూడదు. డిస్క్ వెళ్లిపోయాక మెక్‌బెత్ కుడి మడమ మీద తిరుగుతాడు, ఎడమ కాలు ఒంటికి ఎదురుబరువుగా గాల్లో చుట్టి వస్తుంది, అతను ఆ ఒక్క కాలి మీదే నిలబడి డిస్క్ వెళ్లే దారి చూస్తాడు. విసురు ఎంత శుభ్రంగా వచ్చిందో చెప్పడానికి డిస్క్‌ని చూడనక్కర్లేదు, ఆ నిలబడడం చూస్తే చాలు.

బరువు ముందుకి రాకపోతే ఏమవుతుందో డిస్కే చెప్పేస్తుంది. బరువు వెనక కాలి మీదే ఉండిపోతే ముందు భుజం పైకి లేస్తుంది, దాంతో డిస్క్ ముందంచు కూడా లేస్తుంది. అలా ముక్కు ఎత్తిన డిస్క్ మేడ ఎక్కుతున్నట్టు పైకి పోయి, వేగం చచ్చి, ఎడమకి వాలి పడిపోతుంది. సగం దూరం కూడా రాదు. ఆటగాడేమో చెయ్యి బలం చాల్లేదనుకుని మరింత బలంగా విసురుతాడు, వెనక్కి ఇంకా వాలతాడు, డిస్క్ ఇంకా ఎత్తుకి పోతుంది. దీనికి తిరగేసిన తప్పు ఒకటుంది. కాలు దిగకముందే నడుము తిప్పేయడం. నిలుపుకోవడానికి ఆనిక లేదు గనక ఒళ్లు ముందుకి దొర్లుతుంది, బరువు కుడి పాదం వేళ్ల మీదుగా జారిపోతుంది, డిస్క్ కుడికి కొట్టుకుపోతుంది. ఈ రెండిట్లో మొదటిదే మొండిది. వెనక్కి వాలడం వల్ల ఎత్తుకి పంపుతున్నామన్న తృప్తి కలుగుతుంది, అందుకని ఒక పట్టాన వదలదు.

డిస్క్‌ని వంచి విసరాల్సి వచ్చినప్పుడు కూడా వంపు చెయ్యి ఇవ్వకూడదు, నడుము ఇవ్వాలి. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో ఎడమకి తిరగాలంటే నడుము దగ్గర ముందుకి వంగి, కుడికి తిరగాలంటే వెన్ను కాస్త వెనక్కి వాల్చి విసురుతారు. రెండోది కష్టం. వెన్ను వెనక్కి వాలినా బరువు మాత్రం ముందు కాలి మీదికే రావాలి. 2021 ప్రపంచ పోటీల్లో, యూటాలోని ఆగ్డెన్‌లో, జేమ్స్ కాన్రాడ్ చివరి హోల్‌లో చేసింది ఆ కష్టమైన పనే. మెక్‌బెత్‌ని అందుకోవాలంటే 247 అడుగుల నుంచి నేరుగా బుట్టలో పడాలి. డిస్క్ ఎడమకి బయల్దేరి, కుడికి వంపు తిరుగుతూ వచ్చి గొలుసుల్ని తాకింది. ప్లేఆఫ్‌లోనూ కాన్రాడే గెలిచాడు. బుట్టలో పడడంలో అదృష్టం పాలు ఉండొచ్చు గానీ, అంత ఒత్తిడిలో ఆ వాలులో కూడా కాలి మీద నిలకడ చెదరకపోవడం అభ్యాసం వల్లే.

బుట్ట దగ్గర నిలకడ చట్టమే అవుతుంది. పది మీటర్ల లోపు నుంచి వేసేటప్పుడు, డిస్క్ వదిలాక, ఒంటి మీద పూర్తి అదుపు ఉందని చూపించాకే ముందుకి అడుగు వెయ్యాలి. ఊపులో ముందుకి తూలితే తప్పు. మైదానమంతా ముందుకి బరువు వెయ్యడం నేర్పిన ఆట, ఆఖరున దాన్ని వెనక్కి పట్టి ఉంచమంటుంది. మంచి ఆటగాళ్లు ఇక్కడా వెనక కాలి నుంచి ముందు కాలికే ఊగుతారు, కాకపోతే ఆ ఊపు ఎక్కడ ఆపాలో వాళ్లకి ముందే తెలుసు.

నేర్చుకునేవాళ్లు అడుగులన్నీ మానేసి, నిలబడిన చోటి నుంచే విసరడంతో మొదలుపెట్టడం మేలు. డిస్క్ కూడా అక్కర్లేదు. కుడి చేత్తో తలుపు చట్రం పట్టుకుని, పక్కకి తిరిగి నిలబడి, చెయ్యి లాగకుండా తుంటిని మాత్రం ఎడమ కాలి మీద నుంచి కుడి కాలి మీదికి తోయాలి. భుజం వెనక భాగం సాగినట్టు తెలిస్తే బరువు సరైన చోటికి వచ్చినట్టే. ఏమీ తెలియకపోతే భుజాలు తిప్పుతున్నారన్నమాట, తుంటి కదలడం లేదు. అది వచ్చాక మైదానంలో సగం బలంతో విసిరి, డిస్క్ నేలకి దిగేదాకా కుడి కాలి మీదే నిలబడి చూడండి. ఎడమ కాలు ముందే కిందికి దిగాల్సి వచ్చిందంటే ఆ విసురులో బలం ఎక్కువైంది. తగ్గించి మళ్లీ విసరాలి.