తెరపై తుపాకి, తెర వెనుక బాధ్యత: ఒక భాషా సాంస్కృతిక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు చారిత్రక చలనచిత్రాలు ఆయుధ సేకరణను వీరకృత్యంగా చిత్రిస్తాయి. ఆయుధ నిర్వహణ మాత్రం కథలోనూ, నిర్మాణ పరిభాషలోనూ మరుగున పడుతున్నది. 'డమ్మీ తుపాకి' అనే ఒకే మాట వేర్వేరు ప్రమాదస్థాయులు గల వస్తువులను కప్పివేస్తున్నదనీ, పేరు లేని బాధ్యతను ఎవరికీ అప్పగించలేమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తెలుగు సినిమా, అల్లూరి సీతారామరాజు, ఆయుధం, పరిభాష, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నంలోని మల్కాపురం పరిసరాలలో నౌకాదళ స్థావరం, చమురుశుద్ధి కర్మాగారం, హిందుస్తాన్ షిప్‌యార్డ్ ఉన్నాయి. ఇటువంటి పరిశ్రమలలో వెల్డింగ్ పనికి సైతం ముందుగా రాతపూర్వకమైన పర్మిట్ ఉండాలి. అయినా ప్రమాదాలు తప్పలేదు. 2020 ఆగస్టు 1న షిప్‌యార్డ్‌లో క్రేన్ కూలి 11 మంది మరణించారు. అదే ఏడాది ఫిబ్రవరి 19న చెన్నై సమీపంలో 'ఇండియన్ 2' సెట్‌పై క్రేన్ కూలి ముగ్గురు మరణించారు. మొదటిదాన్ని మనం పారిశ్రామిక ప్రమాదం అంటాం. రెండవ రకం ఘటనకు మన పత్రికలలో స్థిరపడిన శీర్షిక 'షూటింగ్‌లో అపశ్రుతి'. అపశ్రుతి సంగీత పదం. అది దోషాన్ని సూచిస్తుంది గాని దోషిని వెదకదు. సెట్‌పై తుపాకి విషయంలో ఈ భాషాలోపం మరింత తీవ్రమైనది.

2. కథలో తుపాకి

1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దళం దాడిచేసి ఆయుధాలను తీసుకున్నది. తీసుకున్నవాటి వివరాలను ఠాణా దస్త్రంలో రాసి సంతకం చేయడం, తరువాతి దాడులకు ముందుగా 'మిరపకాయ టపా' పంపడం ఈ పోరాటంలోని ప్రత్యేకతలు. తుపాకి చేతికి వచ్చిన క్షణంలోనే దానికి జవాబుదారు ఎవరో రాతలో నమోదయింది.

చింతపల్లి ప్రాంతంలో చిత్రీకరించిన 'అల్లూరి సీతారామరాజు' (1974) ఈ పోరాటాన్ని తెరకెక్కించింది. అల్లూరి స్ఫూర్తితో కల్పించిన 'ఆర్ ఆర్ ఆర్' (2022)లోని రామరాజు పాత్రకు తన వారి చేతికి తుపాకులు అందించడమే జీవిత లక్ష్యం. తండ్రి నుండి అతనికి సంక్రమించినది గురి. ఇక్కడ ఆయుధం ప్రతిజ్ఞ అయింది, లెక్క కాలేదు. కథ భద్రతాపాఠం చెప్పనక్కరలేదన్నది నిజమే. అయితే తెరమీది ఆ గౌరవం తెర వెనుక శ్రద్ధగా మారిందా అన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

3. మాట కప్పిన ప్రమాదం

మన సెట్ల వాడుకలో 'డమ్మీ' అంటే చెక్కతోనో రబ్బరుతోనో చేసిన బొమ్మ కావచ్చు, ఖాళీ తూటా పేల్చే తుపాకి కావచ్చు. ఈ రెండింటి ప్రమాదం ఒకటి కాదు. ఖాళీ తూటాలో సీసపు గుండు లేకపోయినా మందు ఉంటుంది. అతి సమీపంలో పేలితే ఆ పీడనమే ప్రాణం తీస్తుంది. 1984లో అమెరికన్ నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ మరణానికి కారణమిదే. 1993లో 'ది క్రో' చిత్రీకరణలో నకిలీ తూటా నుండి ఊడిన గుండు గొట్టంలో ఇరుక్కుపోయింది. తరువాత పేల్చిన ఖాళీ తూటా దాన్ని బయటికి నెట్టగా బ్రాండన్ లీ మరణించాడు. విడివిడిగా 'ప్రమాదం లేనివి' అనిపించిన రెండు వస్తువులు కలిసి నిజమైన తుపాకి పని చేశాయి.

4. బాధ్యత ఎవరిది?

2021 అక్టోబరు 21న 'రస్ట్' సెట్‌పై ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించారు. తుపాకిలో ప్రమాదం లేదని సహాయ దర్శకుడు ప్రకటించిన తరువాత అందులోని అసలు తూటా పేలింది. ఆయుధాల పర్యవేక్షకురాలికి 2024లో 18 నెలల శిక్ష పడింది. నటుడు అలెక్ బాల్డ్విన్‌పై కేసును, సాక్ష్యాన్ని ప్రతివాదికి అందజేయలేదన్న కారణంతో న్యాయస్థానం కొట్టివేసింది. తీర్పుల మాట అటుంచితే, అక్కడ ఆ పనికి ఒక పేరు, ఆ పేరుకు ఒక వ్యక్తి ఉన్నందువల్లనే ప్రశ్న అడగడం సాధ్యమైంది.

మన దేశంలో నిజమైన తుపాకికి 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. అయితే లైసెన్సు ఎవరి వద్ద ఉన్నదన్నది ఒక ప్రశ్న, సన్నివేశానికి ముందు గొట్టాన్ని ఎవరు పరీక్షించారన్నది మరొక ప్రశ్న. మన టైటిళ్లలో 'ఫైట్స్', 'కళ' అని కనిపించే రెండు శాఖల నడుమ ఈ పని అనామకంగా మిగిలిపోతుంది.

నిప్పురవ్వను గ్రాఫిక్స్‌తో చేర్చే ఈ కాలంలో ఈ చర్చ అనవసరమన్న వాదన ఉంది. తుపాకి వరకు అందులో కొంత నిజముంది. కానీ తాళ్లు, క్రేన్లు, పేలుడు పదార్థాలు సెట్‌పై ఇంకా ఉన్నాయి. 'బామ్మ మాట బంగారు బాట' చిత్రీకరణలో గాయపడిన నూతన్ ప్రసాద్ ఆ తరువాత చక్రాల కుర్చీలోనే నటించారు. ఆయన పట్టుదలను కీర్తించినంతగా ఆ ప్రమాద కారణాలను మన సినీ వ్యాసాలు చర్చించలేదు.

5. ముగింపు

తెలుగు సినీ పరిభాషకు రెండు చేర్పులు అవసరం. ఒకటి, 'డమ్మీ' స్థానంలో 'బొమ్మ తుపాకి', 'ఖాళీ తూటా తుపాకి', 'అసలు తుపాకి' అనే స్పష్టమైన విభజన. రెండు, టైటిళ్లలో 'ఆయుధ పర్యవేక్షణ' అనే శాఖ, దాని వెనుక ప్రతి తుపాకికీ రాసిపెట్టిన పట్టిక, సంతకం. తిరుగుబాటులో సైతం అల్లూరి పాటించిన ఆ రాతనియమాన్ని, ఆయన కథను చిత్రించే పరిశ్రమ పాటించడం అసాధ్యమేమీ కాదు.