ఎలక్ట్రానిక్ సిగరెట్టులోని రకములు: వర్గీకరణముపై ఒక విమర్శ

ఎలక్ట్రానిక్ సిగరెట్టును గురించి కొత్తవారికి తెలియజెప్పుటకై వ్రాయబడిన మార్గదర్శకములు నేడు అనేక భాషలలో కనబడుచున్నవి. అమ్మువారు వ్రాసినవి కొన్ని, వాడువారు వ్రాసినవి కొన్ని. మన దేశములో ఈ పరికరముల తయారీ, దిగుమతి, అమ్మకము, ప్రకటన 2019 నుండి నిషిద్ధములు. ఐనను ఆ వ్రాతలు పదవ తరగతి విద్యార్థి చూచు ఫోనులోనికి వచ్చుచునే యున్నవి. విద్యార్థి అడిగినప్పుడు సమాధానము చెప్పవలసినవారు ఉపాధ్యాయులు. కనుక అవి చెప్పుచున్నదేమో, అది భౌతిక, రసాయన శాస్త్రముల పరీక్షకు ఎంతవరకు నిలుచునో చూడవలసియున్నది.

వాటిలోని వర్గీకరణము దాదాపు ఒక్కటే. సిగరెట్టు ఆకారములో నుండునది మొదటి తరము. కలమువలె పొడవుగా, ద్రవము నింపుకొను చిన్న తొట్టితో నుండునది రెండవ తరము. అరచేతి నిండుగా నుండు పెట్టె, మాడ్ అనబడునది, మూడవ తరము. ద్రవము నింపిన చిన్న గుళికను తగిలించుకొను పాడ్ నాలుగవ తరము. ఒకసారి వాడి పారవేయు దానిని కొందరు వేరుగా చెప్పుదురు, కొందరు పాడ్‌లలో చేర్చుదురు. తరము అను మాటలోనే ఒక అభిప్రాయము దాగియున్నది. వెనుకటి దానికన్న ముందటిది మేలైనదని ఆ మాట మనకు తెలియకుండనే చెప్పుచున్నది. దేనిలో మేలు? ఈ ప్రశ్నను ఆ మార్గదర్శకములు వేయవు. నీటిలో ఈదును గాన తిమింగిలము చేపయే అనుట ఎట్టిదో, పై ఆకారమును బట్టి చేసిన ఈ విభజనయు అట్టిదే.

ఆకారమును విడిచి లోపలికి చూచినచో అన్నిటిలోను ఉన్నవి నాలుగే వస్తువులు: ఒక బ్యాటరీ, వేడెక్కు తీగతో చేసిన కాయిల్, ఆ కాయిల్‌కు ద్రవమును అందించు వత్తి, ద్రవము. దీపములో నూనె వత్తి వెంట పైకి ప్రాకునట్లే ఇందులోను కేశాకర్షణము వలననే ద్రవము కాయిల్ వద్దకు చేరుచున్నది. పొగాకు లేకుండ పొగ లేకుండ ఇట్టి పరికరము చేయవచ్చునని అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ 1963 లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టెను. 1965 లో అది మంజూరైనది. కాని అంగడికి రాలేదు. నేటి పరికరములకు మూలపురుషుడు చైనా దేశపు ఔషధ శాస్త్రజ్ఞుడు హాన్ లిక్. అతని 2003 నాటి నమూనాలో వేడి తీగకు బదులు ద్రవమును అదరగొట్టి తుంపరలు చేయు అతిధ్వని కంపనము ప్రధానముగా నుండెను. అనగా రకములను గురించి చెప్పునప్పుడు మొదట చెప్పవలసిన భేదము, ద్రవము దేనివలన తుంపరలగుచున్నదను భేదము, పుట్టుకలోనే యున్నది. మార్గదర్శకములలో అది కనబడదు.

తుంపరలు అంటిని. ఆ వ్రాతలన్నియు ఆవిరి అనుచున్నవి. కొన్ని ఒక అడుగు ముందుకు వేసి ‘నీటి ఆవిరి మాత్రమే’ అనుచున్నవి. ఇందులో రెండు తప్పులున్నవి. మరుగుచున్న కెటిలు కొమ్మును విద్యార్థులకు చూపుడు. కొమ్ము చివర కొద్దిమేర ఏమియు కనబడదు. అసలు ఆవిరి అదియే. దానికి పైన తెల్లగా కనబడునది ఆవిరి చల్లబడి ఏర్పడిన నీటి బిందువుల గుంపు. ఎలక్ట్రానిక్ సిగరెట్టు విడుచు తెల్లని మేఘముకూడ బిందువుల గుంపే. ఇక రెండవది: ఆ బిందువులు ముఖ్యముగా నీరు కావు, ప్రొపిలీన్ గ్లైకాలు, గ్లిజరిను. మొదటిది 188 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, రెండవది 290 డిగ్రీల వద్ద మరుగును. నాటక రంగముపై పొగమంచు కల్పించు యంత్రములలో వాడునవి కూడ ఈ జాతి ద్రవములే. ఒక్కొక బిందువు మిల్లీమీటరులో వేయవవంతుకన్న చిన్నది కనుక ఊపిరితిత్తుల లోతులకు పోగలదు. ఈ ద్రవములు, వీటిలో కలుపు సువాసన ద్రవ్యములు తినుబండారములలో వాడబడునవే గదా అని ఒక సమర్థన కలదు. తినదగినదెల్ల పీల్చదగినది కాదు. వెన్న వాసననిచ్చు డైయసిటైల్ తిండి పదార్థములలోనిదే. అమెరికాలో మిస్సౌరి రాష్ట్రమునందు మొక్కజొన్న పేలాల కర్మాగారములో దానిని పీల్చిన కార్మికులకు ఊపిరితిత్తుల తీవ్రవ్యాధి కలిగినట్లు 2000 లో బయటపడెను.

ఇక మాడ్‌ల విషయము. ఇచ్చట ఓము నియమము వచ్చుచున్నది కనుక ఉపాధ్యాయులకు ఇది ఆసక్తికరము. లిథియం బ్యాటరీ సగటున 3.7 వోల్టులిచ్చును. కాయిల్ నిరోధము 1.8 ఓములైనచో ప్రవాహము సుమారు 2 ఆంపియర్లు, సామర్థ్యము 7.6 వాట్లు. అదే బ్యాటరీకి 0.2 ఓము కాయిల్ తగిలించినచో ప్రవాహము 18.5 ఆంపియర్లు, సామర్థ్యము 68 వాట్లకు పైగా నగును. ఇంటిలో వెనుక వాడిన 60 వాట్ల బల్బును మించిన శక్తి వ్రేలి పొడవు బ్యాటరీనుండి వచ్చుచున్నదన్నమాట. నిరోధము తగ్గినచో వేడికూడ తగ్గవలెను గదా అని విద్యార్థులు తరచుగా పొరబడుదురు. ప్రవాహము స్థిరముగా నున్నప్పుడు అది నిజమే. వోల్టేజి స్థిరముగా నున్నప్పుడు మాత్రము నిరోధము తగ్గినకొలది వేడి పెరుగును. ఈ భేదమును బోధించుటకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకుట అరుదు.

మాడ్‌లలో వోల్టేజిని, వేడిని అదుపుచేయు విద్యుత్ వలయము గలవి కొన్ని, ఏ వలయమును లేక బ్యాటరీని నేరుగా కాయిల్‌కు కలుపునవి కొన్ని. ఈ రెండవ రకములో వాడువాని లెక్కయే రక్షణ. ఇందులో విరివిగా వాడు 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవు గల బ్యాటరీ నిండుగా చార్జి అయినప్పుడు 4.2 వోల్టులుండును. అప్పుడు పై 0.2 ఓము కాయిల్ 21 ఆంపియర్లు లాగును. బ్యాటరీ అంత ప్రవాహమును భరించునది కానిచో కాగి, పగిలి, మండవచ్చును. ఈ రెండిటిని ఒకే ‘మూడవ తరము’లో చేర్చుట నాకు అంగీకారము కాదు. ఫ్యూజు గల ఇంటిని, లేని ఇంటిని ఒక్కటే అనుటకు ఏ విద్యుత్ ఇంజనీరును ఒప్పుకొనడు.

వేడిని అదుపుచేయు ఉపాయముకూడ చక్కని పాఠమే. నికెలు, టైటానియము, స్టెయిన్‌లెస్ ఉక్కు తీగల నిరోధము ఉష్ణోగ్రతతో పెరుగును. ఆ పెరుగుదలను కొలిచి వలయము వేడిని కనుగొనును. ఇనుము, క్రోమియము, అల్యూమినియము కలిసిన కాంతాల్ తీగ నిరోధము అంతగా మారదు గనుక ఆ పనికి అది పనికిరాదు. ఇది అలంకారము కాదు. వత్తి ఎండి కాయిల్ అతిగా కాగినచో గ్లిజరిను, గ్లైకాలు విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడు వంటివి పుట్టును. 2015 లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పరికరమును 5 వోల్టుల వద్ద నడిపినప్పుడు ఫార్మాల్డిహైడు సంయోగ పదార్థములు కనబడినవనియు, 3.3 వోల్టుల వద్ద కనబడలేదనియు ప్రకటించిరి. అంత కాగినచో మాడు రుచి వలన ఎవడును పీల్చలేడని ఇతరులు ఆక్షేపించిరి. పత్రికలు 5 వోల్టుల ఫలితమును, అమ్ముడువారు ఆక్షేపణను మాత్రము చెప్పుకొనిరి. పరికరము ఏది, ఎంత వేడిలో నడిపిరి అని అడిగినవారు తక్కువ.

అన్నిటికన్న పెద్ద లోపము పాడ్‌ల వర్ణనలో నున్నది. ‘చిన్నది, తేలిక, గొంతుకు మృదువు, కొత్తవారికి తగినది’ అని వాటిని పొగడుదురు. ఆ మృదుత్వమునకు కారణము రసాయన శాస్త్రము చెప్పవలెను. నికోటిన్ క్షార స్వభావము గలది. క్షారముగానే యున్నప్పుడు నోటి పొరలగుండా సులభముగా లోనికి పోవును. కాని పీల్చినచో గొంతును మండించును. ఖైనీ నలుపువారు సున్నము కలుపుకొనుటలోని మర్మమిదే. చుట్ట కాల్చువారు పొగను నోటిలోనే త్రిప్పి విడుచుటకు కూడ ఇదియే కారణము. చుట్ట పొగ క్షారముగా నుండును, సిగరెట్టు పొగ కొంచెము ఆమ్లముగా నుండును. పాడ్ ద్రవములో నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లము వంటిదానిని కలిపి లవణముగా మార్చుదురు. మంట తగ్గును. మంట తగ్గినందువలన ఎక్కువ నికోటిన్‌ను పట్టించి, లోతుగా పీల్చుటకు వీలగును. కొత్తవానిని దగ్గించి ఆపునది ఆ మంటయే. దానిని తొలగించినదానిని కొత్తవారికి తగినదనుట నిజమే, కాని ఆ నిజములోని అపాయమును మార్గదర్శకములు చెప్పవు.

2015 లో అమెరికాలో అంగడికి వచ్చిన జూల్ పాడ్‌లో 0.7 మిల్లీలీటరు ద్రవము, సుమారు 40 మిల్లీగ్రాముల నికోటిన్ ఉండెను. అది ఒక పెట్టె సిగరెట్లకు సమానమని కంపెనీయే చెప్పెను. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించరాదని ఐరోపాలో 2014 నాటి నిబంధన యుండుటవలన 2018 లో బ్రిటనుకు వచ్చిన జూల్‌లో గాఢత దానిలో మూడవ వంతు మాత్రమే. పేరు ఒక్కటే, ఆకారము ఒక్కటే, ‘తరము’ ఒక్కటే. లోపలి వస్తువు వేరు. అమెరికాలో ఉన్నత పాఠశాల విద్యార్థులలో గడచిన నెల రోజులలో ఎలక్ట్రానిక్ సిగరెట్టు వాడినవారు 2017 లో నూటికి 11.7, 2019 లో 27.5. సిగరెట్టు పోలిక గల తొలి పరికరములపై 2010 ప్రాంతమున జరిగిన పరీక్షలలో రక్తములోనికి చేరిన నికోటిన్ చాల స్వల్పము. ఆ స్వల్పత్వము పోవుటయే ఈ ‘తరముల’ చరిత్రలోని అభివృద్ధి.

సిగరెట్టు మానుటకు ఇవి తోడ్పడునా అను ప్రశ్నలో కూడ రకమును మరువరాదు. 2019 లో ప్రకటింపబడిన బ్రిటిషు పరీక్షలో 886 మంది పాల్గొనిరి. ఎలక్ట్రానిక్ సిగరెట్టు ఇచ్చినవారిలో నూటికి 18 మంది, నికోటిన్ బిళ్ళలు, పట్టీలు మొదలగునవి ఇచ్చినవారిలో 9.9 మంది ఏడాది తరువాత సిగరెట్టు మానియుండిరి. ఇది గట్టి ఫలితమే. దానిని దాచుట విద్యార్థులయెడ నిజాయితీ కాదు. కాని మానినవారిలో మొదటి పక్షమువారు నూటికి 80 మంది అప్పటికిని ఎలక్ట్రానిక్ సిగరెట్టు వాడుచునే యుండిరి. రెండవ పక్షములో తమ మందును వాడుచున్నవారు 9 మందే. పైగా అందులో ఇచ్చినది ద్రవము నింపుకొను రెండవ తరపు పరికరము, 18 మిల్లీగ్రాముల ద్రవము. తీసుకొన్నవారు మానదలచిన పెద్దలు. ఆ ఫలితమును తెచ్చి పండ్ల వాసనల పాడ్‌కు అంటగట్టుటకు ఆధారము లేదు.

ఎదుటి పక్షమువారును ఇదే పొరపాటు చేయుచున్నారు. 2019 లో అమెరికాలో ప్రబలిన ఊపిరితిత్తుల వ్యాధి 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మందికి సోకి 68 మందిని బలిగొనెను. అందులో ప్రధాన దోషి గంజాయి సారపు ద్రవములలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేటు అని తేలినది. దానిని నికోటిన్ పరికరములన్నిటికి ఆపాదించి భయపెట్టు కరపత్రము, నీటి ఆవిరి అని బుజ్జగించు ప్రకటన రెండును ఒకే తరగతిలో తప్పిన విద్యార్థులు.

నన్నడిగినచో ఏ పరికరమునుగూర్చి యైనను మొదట తెలిసికొనవలసినవి మూడు: వాట్లెన్ని, వేడికి అదుపున్నదా, నికోటిన్ ఎంత, క్షారమా లవణమా, ద్రవములో మరేమి కలిసినవి. ఆకారము, రంగు, తరము తరువాతి మాట. పారవేయు రకమునకు మాత్రము నాలుగవది కలుపవలెను: లోపలి లిథియం బ్యాటరీ తిరిగి చార్జి చేయదగినదే యైనను అనేకములలో ద్రవము అయిపోగానే చెత్తలో చేరును. ఆ కారణమును, బాలురు వాడుటను చూచి బ్రిటను 2025 జూన్ 1 నుండి వాటి అమ్మకమును నిషేధించెను.

మన 2019 చట్టము వీటినన్నిటిని ఒక్క నిర్వచనములో చేర్చినది. తయారు చేసినను, అమ్మినను మొదటి తప్పునకు ఏడాది వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును. నిలువ చేసినను శిక్ష కలదు. చట్టమునకు ఆ ఒక్క నిర్వచనము చాలును. తరగతిలో అది చాలదు. ఉదాహరణకు పొగాకునే కాల్చక వేడిచేయు పరికరముకూడ ఆ నిర్వచనములోనున్నది. మార్గదర్శకములు కొన్ని దానిని ‘అయిదవ తరము’ అనుచున్నవి. అందులో ద్రవము లేదు, వత్తి లేదు. ఉన్నది పొగాకు పుల్ల, దానిని సుమారు 350 డిగ్రీల వరకు వేడిచేయు పలక. అది ఏ తరమునకును చెందదు, వేరొక జాతి.