మొత్తము నూరైనంతనే లెక్క సరియా?

మాదాపురములో 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ వెలసినది మొదలు, గచ్చిబౌలి వరకు గల గుట్టలు పెక్కు భవనముల క్రింద మాయమైనవి. మిగిలిన బండలను దుర్గం చెరువు ఒడ్డున నేటికిని చూడవచ్చును. ఇవి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిలలు. ఇట్టి శిలల విశ్లేషణ పట్టికలలో దశాంశ బిందువు తరువాత రెండేసి అంకెలు వేయుదురు. అడుగున మొత్తము 100కు దగ్గరగా నున్నచో, లెక్క సరియైనదని పలువురు తలంతురు. ఈ నమ్మకము ఎంతవరకు నిలుచునో చూతము.

మొదటి దోషము ప్రయోగశాలకు చేరకముందే పుట్టును. ఈ బండలో గులాబి రంగు ఫెల్డ్‌స్పారు, గాజువంటి క్వార్ట్జు, నల్లని అభ్రకము విడివిడిగా కంటికే కనబడును. గోరంత ముక్క నూరినచో ఫెల్డ్‌స్పారు ఎక్కువ పడవచ్చును. ప్రక్క ముక్కలో క్వార్ట్జు ఎక్కువ పడవచ్చును. తక్కెడ ఎంత సున్నితమైనదైనను ఈ తప్పును దిద్దజాలదు. అన్నము సంగతి ఒక్క మెతుకు చెప్పును గాని, రాతి సంగతి ఒక్క పలుకు చెప్పదు.

పలుకును విడిగా పరీక్షించుటకు ఎలక్ట్రాన్ సూక్ష్మ విశ్లేషణ యంత్రము కలదు. రేమండ్ కాస్టెంగ్ 1951లో పారిస్‌లో సమర్పించిన సిద్ధాంత వ్యాసము దీనికి పునాది. సన్నని ఎలక్ట్రాన్ పుంజము తాకిన చోట మూలకములు తమతమ ఎక్స్-కిరణములను వెలువరించును. వాని తీవ్రతను కూర్పు తెలిసిన ప్రమాణ ఖనిజముతో పోల్చి లెక్క కట్టుదురు. ఇందును చిక్కులు గలవు. కిరణ స్పందనలు 10,000 లెక్కించినచో యాదృచ్ఛిక దోషము 1 శాతము; 100 మాత్రమే లెక్కించినచో 10 శాతము. ఇది కాలము పెంచినచో తగ్గును. కాని ఫెల్డ్‌స్పారులోని సోడియము పుంజపు తాకిడికి ఆ చోటు వదలి తొలగిపోవును. అప్పుడు ఎక్కువసేపు కొలిచినకొలది తప్పు పెరుగును! అందుచేత పుంజమును వెడల్పు చేసి, సోడియమును ముందుగా కొలువవలెను.

శ్రీకాకుళము, విశాఖపట్నము తీరపు ఇసుకలలో లభించు మోనజైటు మరియొక ఉదాహరణము. ఇందలి యురేనియము, థోరియము సీసముగా మారుటను బట్టి దాని వయస్సు కట్టవచ్చును. అయితే యిట్రియము కిరణములలో ఒకటి సీసపు కిరణముతో దాదాపు కలిసిపోవును. దానిని తీసివేయనిచో సీసము ఎక్కువై, ఖనిజమునకు లేని వయస్సు వచ్చును. వందసార్లు కొలిచినను అదే తప్పు అంతే పొందికగా వచ్చును. పొందిక యథార్థతకు సాక్ష్యము కాదు.

ఇక మొత్తము సంగతి. అమెరికా భూగర్భ సర్వే 1951లో ప్రకటించిన పరీక్షలో, ఒకే గ్రానైటు పొడిని, ఒకే డయబేసు పొడిని పలు ప్రయోగశాలలకు పంపిరి. ఫలితములు ఊహించినదానికంటె ఎక్కువగా భేదించినవి. పాత రసాయన పద్ధతిలో పూర్తిగా వేరుపడని సిలికా, అల్యూమినాతో కలిసి తూగును. సిలికా తగ్గును, అల్యూమినా పెరుగును, మొత్తము మాత్రము చెక్కుచెదరదు. ఒక జేబులోని రూపాయి మరియొక జేబులో పడినట్లే!

కావున మొత్తము 100 కాకున్న అనుమానింపవలసినదే. అయినంత మాత్రమున నమ్మరాదు. ఏ ప్రమాణముతో పోల్చిరి, ఎన్ని చోట్ల కొలిచిరి, దోషము ఎంత యని అడుగవలెను. ఉపాధ్యాయులు ఒకే రాతిముక్క సాంద్రతను ముగ్గురు విద్యార్థులచే కట్టించి, మూడు ఫలితములను నల్లబల్లపై వ్రాయింతురు గాక! ఆ తేడా ఎచ్చట పుట్టినదో వెదకుటయే పాఠము.